బాబూరావు చర్మశాస్త్రం

ఎవరు వచ్చినా బాబూరావు ముందు వాళ్ల బొటనవేలి గోరు నొక్కుతాడు. గోరు తెల్లబడుతుంది. వదిలితే మళ్లీ ఎర్రబడుతుంది. అది ఎర్రబడేదాకా ఊపిరి బిగబట్టి చూస్తాడు. జ్వరమైనా, గజ్జయినా, కోడి పొడిచిన గాయమైనా గోరు నొక్కాల్సిందే. దానివల్ల అతడికి తెలిసేది ఏమీ లేదు. నొక్కించుకున్న మనిషికి మాత్రం ఎవరో తన లోపలికి తొంగిచూసినట్టు ఉంటుంది. బాబూరావుకు అంతే కావాలి.

జూలూరుపాడు మెయిన్‌రోడ్డు మీద, ఎరువుల దుకాణం పక్క గదిలో అతడి క్లినిక్కు. సొంతూరు వేంసూరు. పదో తరగతి తప్పి, ఖమ్మంలో ఒక చర్మవైద్యుడి గది బయట పేర్లు పిలిచే పనికి కుదిరాడు. డాక్టరు లోపల అనే మాటలు తలుపు సందులోంచి వినిపించేవి. పట్టుబట్టి వాటిని కంఠస్థం చేశాడు. చాలినన్ని పోగయ్యాక ఇక్కడికి వచ్చి డాక్టరయ్యాడు.

తామరను అతడు తామర అనడు. టీనియా అంటాడు. గోరుచుట్టు ఆ గుమ్మం దాటగానే పారోనీకియా అవుతుంది. పేనుకొరుకుడు అలోపీషియా. చెమటకాయలు మిలియేరియా. మొటిమలతో వచ్చిన కాలేజీ పిల్లలకు నూనె గ్రంథుల మీద ఉపన్యాసం. ఆటో తోలే బిచ్యా ఒకసారి పిరుదు మీద సెగగడ్డతో వచ్చి, ఫ్యూరంకిల్ అన్న మాట వినగానే నొప్పి మరిచి కూర్చున్నాడు, వెంటనే కేకేసి లేచాడు. పేరు ఏదైనా చేతిలో పెట్టే ట్యూబు ఒకటే. స్టెరాయిడ్ మందు. దురద పూటలో తగ్గుతుంది, తామర తీరిగ్గా ఒళ్లంతా పాకుతుంది. పాకినప్పుడు మళ్లీ వస్తారు. అప్పుడు ఇంకో పేరు చెబుతాడు.

తెలుగులో పేరున్న రోగమంటే అతడికి చిన్నచూపు. అది పేదవాళ్ల రోగమని అతడి ఉద్దేశం. అతడి దగ్గరికి వచ్చేవాళ్లంతా పేదవాళ్లే.

ద్వాలి మిరప కోతల మొదట్లో వచ్చింది. దగ్గరి తండా మనిషి. నలభై దాటాయి. మోచేతి పైనుంచి భుజం దాకా తెల్లగాజులు. అవి పెళ్లినాడు ఎక్కుతాయి, మగడు పోయిననాడు దిగుతాయి. ఆ గాజుల అంచున అరచేయంత పాలిపోయిన మచ్చ. చిటికెనవేలు మాట వినడం లేదు. కాయ తెంపబోతే జారిపోతోంది. ఆ చెయ్యి పనిచేస్తేనే ఆమెకు కూలి.

బాబూరావు గోరు నొక్కాడు, చూశాడు.

"దురద ఉంటదా?"

"లేదు సారూ."

"ఉంటది. నీకు తెలుస్తలేదు."

"అవ్ సారూ, తెలుస్తలేదు. గిల్లినా తెలుస్తలేదు. గదే చెప్తున్న."

అతడు వినలేదు. తగిన మాట కోసం వెతుక్కుంటున్నాడు. దొరికింది.

"కాంటాక్ట్ డెర్మటైటిస్. గాజుల రాపిడి. తీసెయ్ అమ్మా వాటిని."

ద్వాలి పక్కనే నిలబడ్డ మగడు లాలు వైపు చూసింది.

"ఈయన బతికే ఉన్నడు గద సారూ."

"ఉండనీ. ఆయనకూ చర్మానికీ ఏం సంబంధం? ఇది సైన్స్."

"మరి వేలో?"

"వేలు దాంతోటే. టానిక్ రాస్త."

ఎన్నో ఏళ్లుగా చెయ్యి లావెక్కింది, గాజులు జారలేదు. లాలు హాక్సా బ్లేడుతో ఒక్కొక్కటే కోశాడు. లాలు తల్లి వాకిట్లో కూర్చుని శోకాలు పెట్టింది. కొడుకు లోపలినుంచి ఊకోమని కసురుతున్నా ఆపలేదు.

చేనులో పక్క తండా ఆడవాళ్లు ఆ బోసి చెయ్యి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"అయ్యో, లాలు ఎప్పుడు పోయిండే? కబురన్న పంపకపోతిరి."

లాలు గట్టు మీద బీడీ కాలుస్తున్నాడు.

"ఇంకా పోలే. డాక్టర్ సాబే జల్దీ చేస్తున్నడు."

అందరూ నవ్వారు. ద్వాలి చెయ్యి కొంగుకింద దాచుకుంది. ఆ రోజునుంచి పేరంటాలకు ఆమెను పిలవడానికి జంకారు, పిలవకుండా ఉండడానికీ జంకారు. బాబూరావు మాత్రం ఈ కథను వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. తండా మూఢనమ్మకాన్ని తానొక్కడే తీయించానన్నాడు.

కోతలు సగమయ్యేసరికి ఉంగరపువేలు కూడా వంగింది. మచ్చ అలాగే ఉంది. ద్వాలి మళ్లీ వచ్చింది. ఈసారి 'పోస్ట్ ఇన్‌ఫ్లమేటరీ హైపోపిగ్మెంటేషన్' అన్నాడు. అంత పొడుగు మాట ఊళ్లో అంతకుముందు ఎవరికీ రాలేదు. చెప్పాక తానే చేతులు కట్టుకున్నాడు, దేవుడి ముందు నిలబడ్డట్టు.

ఆశా కార్యకర్త ప్రమీల ఇంటింటికీ తిరిగి మచ్చలు చూసే రోజుల్లో ద్వాలి వాకిట్లోకి వచ్చింది. బోసి చెయ్యి చూసి ఆగింది.

"అక్కా, కండ్లు మూసుకో. పెన్నుతోటి తాకుత. తాకినకాడ నీ వేలు పెట్టు."

మెడ మీద తాకింది. ద్వాలి వేలు పెట్టింది. అరచేతిలో తాకింది. పెట్టింది. మచ్చ మీద తాకింది.

"తాకవేందే?" అంది ద్వాలి.

కొత్తగూడెం దవాఖానలో డాక్టరమ్మ మోచేతి వెనక నరం తడిమింది. నరం తాడులా ఉబ్బి ఉంది. కుష్టు అని చెప్పింది. మందు ఉచితమని, మానకుండా మింగితే నయమవుతుందని, మింగడం మొదలుపెడితే ఎవరికీ అంటదని చెప్పింది. మిగతా వేళ్లు దక్కుతాయి. వంగిన రెండూ ఎంతవరకు తిరిగి వస్తాయో చెప్పలేనంది. "వేలు వంగకముందు రావల్సింది" అంది.

సాయంత్రం బస్సు దిగి ద్వాలి, లాలు, ప్రమీల ముగ్గురూ నేరుగా క్లినిక్కుకు వచ్చారు. మాట మాత్రం ప్రమీల చెప్పింది.

"లెప్రసీ నేను కూడా మనసులో పెట్టుకున్న" అన్నాడు బాబూరావు. "డిఫరెన్షియల్ అంటరు దాన్ని."

"మనసుల పెట్టుకుంటే మా ఇంటిదాని చెయ్యికి ఏమొచ్చె?" అన్నాడు లాలు. "బతికుండంగనే నన్ను సంపితివి, గది తప్పితే నువ్వు చేసిందేంది?"

"చూడు లాలూ, స్కిన్ అంటే చాలా కాంప్లికేటెడ్..."

"బాబూరావన్నా, గిల్లినా తెలుస్తలేదని అక్క చెప్పిందంట. ఇనలేదా?" అంది ప్రమీల.

ద్వాలి చెయ్యి చాచి, వంగిన రెండు వేళ్లను అతడి ముఖానికి దగ్గరగా పట్టింది. బాబూరావు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. గోడ తగిలేదాకా జరిగాడు. లాలు అది చూశాడు. ఉమ్మేయాలనిపించి, లోపల ఎందుకని బయటికి వచ్చి ఉమ్మేశాడు. ముగ్గురూ తండా దారి పట్టారు. ద్వాలి మాత్రల పట్టీని రెండో చేత్తో పట్టుకుంది.

తెల్లారి బాబూరావు క్లినిక్కు తెరవలేదు. తొలి బస్సెక్కి భద్రాచలం పోయాడు. కొత్తగూడెమే దగ్గర, కానీ అక్కడ ముఖం తెలిసినవాళ్లు ఉంటారు. దవాఖానలో ఓపీ చీటీ తీసుకుని వరుసలో నిలబడ్డాడు. వంతు రాగానే అడగకముందే చొక్కా విప్పి, రెండు చేతులూ బల్ల మీద చాచాడు.

"కుష్టు ఉన్న మనిషి చెయ్యి మస్తుసార్లు ముట్టుకున్న సార్. నాకు అంటిందేమో చూడండి."

డాక్టరు కుర్రవాడు. తీరిగ్గా చూశాడు, ఒళ్లంతా తాకి, తెలుస్తోందా అని అడిగాడు. ఏమీ లేదన్నాడు. చీటీలో రాయబోతూ తలెత్తాడు.

"ఏం పని చేస్తారు?"

"వ్యవసాయం సార్."