బిస్ చెట్టి

సీతాపతి చెట్టికి ఉన్న జబ్బు ఒక్కటే. దేన్నీ ఒక్కసారితో పోనివ్వడు. నాటకంలో పాట మళ్లీ వినాలంటే పుదుచ్చేరి జనమంతా "వన్స్ మోర్" అని అరిస్తే, మన చెట్టి మాత్రం "బిస్!" అని అరుస్తాడు. ఫ్రెంచి దొరలు తమ నాటకాల్లో అలా అంటారట. దొరల బంగళాలకు తెరల గుడ్డ అమ్మబోయి ఈ మాట నేర్చుకొచ్చాడు. ఆ ఒక్క ముక్కతోనే తనకు ఫ్రెంచి వచ్చేసిందని ఆయన నమ్మకం.

నాటకాల్లో అరిచి ఊరుకుంటే పోనీ అనుకోవచ్చు. పెళ్లిలో పురోహితుడు మంత్రం మధ్యలో తడబడితే బిస్. దండోరా వేసేవాడికి ఎక్కిళ్లొచ్చి సర్కారు ఉత్తర్వు సగంలో మింగేస్తే బిస్. విల్లియనూరు తేరు మలుపులో ఇరుక్కుని, ఎలాగో జానెడు కదిలితే దానికీ బిస్. జనం పురోహితుణ్ణీ దండోరావాణ్ణీ మరిచిపోయి, చెట్టిని చూసి పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు.

ఆయన భార్య తాయారమ్మకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. "మీతో నలుగుర్లోకి రావాలంటే ముసుగేసుకోవాల" అని సాధించేది. అయితే ఇంట్లో ఆమె చారు పోసినప్పుడు, చెట్టి జుర్రున తాగి, చెయ్యి పైకెత్తి "బిస్!" అనేవాడు చూడండి, ఆ ఒక్క బిస్సుకు మాత్రం ఆవిడ లోలోపల మురిసిపోయేది.

ఇక పెద్ద అంగడి వీధిలో ఆయనది జవుళి కొట్టో నాటకాల కచేరీయో ఎవరికీ తెలియదు. మునుసామి అనే బేరగాడు ఒకసారి పాపం తువ్వాలు కొనబోయాడు.

"చెట్టియారే, మంచి తువ్వాలు ఉండాదా?"

"ఉండాదిలే. ముందు ఇది విను. కొత్త నాటకం కంపెనీ దిగింది. రాజు వేషగానికి గొంతు కట్టేసిందంట. మిరియాల కషాయం పంపించినా."

"నా తువ్వాలు..."

"విదూషకుని మీసం ఎలక కొరికేసిందంటబ్బా!"

మునుసామి తువ్వాలు లేకుండానే ఇంటికెళ్లి, భార్యకు ఎలక సంగతి చెప్పాడు.

ఆ కంపెనీలోనే తాయారమ్మకు చిక్కొచ్చి పడింది. తల్లి పోయినప్పటి నుంచి ఆమె చేతి ముద్ద తిని పెరిగిన తమ్ముడు ఆదికేశవన్‌ది నూలు మిల్లులో పని. వాడి ప్రాణమంతా పాట మీదే. రాణి వేషం కట్టే ఆయన అలిగి వెళ్లిపోవడంతో కంపెనీ యజమాని విజయరంగన్ వీణ్ణి పిలిచాడు.

"ఒక్క ఆట ఇస్తా ఉండా. జనం మెచ్చితే నాతో రా. మెచ్చకుంటే నీ మిల్లు యాడికీ పోలేదు."

ఆట నాటి మధ్యాహ్నం తాయారమ్మ మొగుడి ముందు నిలబడింది. "ఈ పొద్దు మీరు నోరు తెరవకూడదు. ఊరంతా మిమ్మల్ని చూసి నవ్వతా ఉంటే వాని పాట ఎవురు వింటారు? నా మీద ఒట్టు."

"ఒక్కటంటే ఒక్క బిస్సు?"

"అర బిస్సు కూడా వద్దు."

చెట్టి ఆ పూట చారు కూడా సరిగ్గా తాగలేదు.

పొద్దుగూకింది. తాటాకు పాక కిటకిటలాడుతోంది. ఆడవాళ్ల వైపు అడ్డంగా కట్టిన తడిక సందులోంచి తాయారమ్మ చూస్తోంది. చెట్టి కొట్టులోని పట్టుచీర కట్టుకుని రాణి వచ్చింది. అడవిలో తప్పిపోయిన బిడ్డను పిలిచే పాట ఎత్తుకుంది. పైస్థాయికి వెళ్లేసరికి ఆదికేశవన్ గొంతు కీచుమని చీలిపోయింది.

వెనక నుంచి ఒక గొంతు: "మిల్లు కూసింది, పనికి పోరా!" ఈలలు మొదలయ్యాయి. వేదిక పక్కన నిలబడ్డ విజయరంగన్ తెర దించడానికి తాడు పట్టుకున్నాడు.

తాయారమ్మ మొగుడి కోసం చూసింది. చెట్టి పైపంచెను నోట్లో కుక్కుకుని, కళ్లు వెళ్లబెట్టి, తడిక వైపే దీనంగా చూస్తున్నాడు. ఒట్టు వేయించింది తనే కదా! ఇంక ఆగలేకపోయింది. సిగ్గూ ముసుగూ మరిచి లేచి నిలబడింది.

"బిస్!"

ఆడగొంతు! పాకంతా అటు తిరిగింది. చెట్టి పైపంచె లాగేసి, "ఒట్టు తీరిపాయ! బిస్! బిస్!" అని ఎగిరాడు. జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు రాణిగారికీ నవ్వొచ్చింది. నవ్వుతో పాటు భయమూ పోయింది. విజయరంగన్ తాడు వదిలేశాడు. ఆదికేశవన్ మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి గొంతు ఎక్కడా తొణకలేదు. ముందు ఈలలేసిన వాళ్లే "వన్స్ మోర్!" అని గోల చేశారు.

మర్నాడు కంపెనీలో చేరమని విజయరంగన్ దగ్గర నుంచి ఆదికేశవన్‌కు తాంబూలం వచ్చింది. భోజనానికి కూర్చున్న చెట్టిని తాయారమ్మ అడిగింది.

"నాకు తెలియక అడగతా, బాగా పాడినోళ్లకు మీరు ఎప్పుడూ అరవరు. చెడగొట్టినోళ్లకే ఏందండీ మీ బిస్సు?"

"బాగా పాడినోనికి ఊరంతా అరస్తాది, నేనెందుకు? మొదటిసారి పాడేది మనిషి కాదుమే, వాని భయం. మనిషి పాడేది రెండోసారే. ఆ రెండోసారి వానికి దొరకొద్దా? ఈలోగా జనం నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీలే."

తాయారమ్మకు పురోహితుడు గుర్తొచ్చాడు, దండోరావాడు గుర్తొచ్చాడు. ఇలాంటి మనిషినా ఇన్నాళ్లూ సాధించాను అనుకుంటే కళ్లు చెమ్మగిల్లాయి. ప్రేమగా చారు పోయబోయింది. గరిటె గాల్లోనే ఆగిపోయింది.

"అయితే... పెళ్లయినప్పటి నుంచి నా చారుకు దినమూ బిస్సంటా ఉండారే?"

చెట్టి ఎంగిలి చేత్తోనే లేచాడు. "కొట్టు తెరవాల..."

"కూర్చోండి!"

చారు మళ్లీ పొయ్యెక్కింది. చింతపండు తగ్గింది, ఉప్పు పడింది, మిరియాలు దంచి పడ్డాయి. గిన్నె తెచ్చి ముందు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది తాయారమ్మ. చెట్టి ఒక గుక్క తాగాడు. ఆమె ఊపిరి బిగబట్టి చూస్తోంది. బిస్ అనలేదు. గిన్నె రెండు చేతులా ఎత్తి గటగటా తాగేశాడు.

ఆ పూట తాయారమ్మకు చారు మిగల్లేదు.