టీచరమ్మ దాచిన జ్వరం

తిలకవతి టీచరుకు జ్వరం చూడటానికి థర్మామీటరు అక్కరలేదు. ఒకటో తరగతి పిల్లల చూపుడువేలు పట్టుకుని ఇసుకలో అక్షరాలు దిద్దించడం పదకొండేళ్ళుగా ఆవిడ పని. వేలు పట్టుకుంటే చాలు, ఎవరు పొద్దున గంజి తాగకుండా వచ్చారో, ఎవరు నిద్ర చాలక తూలుతున్నారో, ఎవరికి ఒళ్ళు వెచ్చబడిందో చెప్పేసేది. ఈ విద్య ఏ ట్రెయినింగు స్కూల్లోనూ నేర్పరు. నేర్పకపోవడమే మంచిదేమో, ఎందుకంటే ఆవిడ కొంప ముంచింది అదే.

పుట్టింది మదురైలో, వ్యాపారం చేసుకునే తెలుగువాళ్ళ ఇంట. కోయంబత్తూరు పక్కన పీలమేడులో నూలు కొట్టు ఉన్న చంద్రశేఖరన్‌కు ఇచ్చి చేశారు. మొగుడు మంచివాడే, పెళ్ళాం బడికి పోతానంటే అడ్డం చెప్పలేదు. బడి మిల్లు లైన్ల పక్కనే, అంటే కూలీలు కాపురముండే ఇళ్ళ వరసల పక్కనే, నాలుగు గదుల రేకుల కొట్టం. అందులో చదివేవాళ్ళు మిల్లు కూలీల పిల్లలు. వాళ్ళ ముత్తాతలు ఏ ఊరి నుంచి వచ్చారో వాళ్ళకే తెలియదు, తెలుగును మాత్రం వదల్లేదు. ఇంట్లో మాట తెలుగు, బడిలో పుస్తకం అరవం. ఆ రెంటి మధ్యా బిక్కచచ్చి నిలబడ్డ పిల్లలకు తిలకవతి తెలుగులో కథ చెప్పి అరవంలో అక్షరం దిద్దించేది. అందుకని లైన్లలో ఆడవాళ్ళకు టీచరమ్మ అంటే దేవుడి తర్వాత దేవుడు.

యాభై ఒకటో సంవత్సరం మాసి నెలలో, అంటే ఫిబ్రవరి మార్చి రోజుల్లో, లైన్లలో మశూచి దిగింది. దాన్ని ఎవరూ ఆ పేరుతో అనరు, ఆత్తా వచ్చింది అంటారు, అంటే అమ్మవారు. టీకాల మనుషులు వస్తే తల్లులు పిల్లల్ని జొన్న చేలలో దాచేవాళ్ళు. బడికి ఒక ఆర్డరు వచ్చింది: ఒళ్ళు కాలుతున్న పిల్ల కనిపిస్తే ఆ పూటే పేరు రాసి ఇవ్వాలి. పేరు రాస్తే శానిటరీ వాళ్ళు వచ్చి బిడ్డను ఊరవతల తడికల షెడ్డుకు తీసుకుపోతారు. మూడు వారాల పాటు ఆ ఇంటివాళ్ళను మిల్లు గేటులోకి రానివ్వరు.

ఒక సోమవారం తిలకవతి ముని అనే పిల్లవాడి వేలు పట్టుకుంది. నిప్పు ముట్టుకున్నట్టయింది.

వాడి తల్లి జోతిమణి మిల్లులో రీలింగు పనిచేసేది. మధ్యాహ్నం సంగు ఊదగానే, అంటే మిల్లు సైరను మోగగానే, అన్నం కూడా తినకుండా బడికి పరుగెత్తుకొచ్చింది. సంగతి ఆమెకు పొద్దుననే తెలుసు.

"టీచరమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. పేరు రాయొద్దండి. నేను బదిలీ కూలిని, ఒకరు రాకుంటేనే నాకు పని, గేటు మూసినారంటే మళ్ళ తెరవరు."

"ఒళ్ళు చూసినావా? పొక్కు ఏమైనా ఉండాదా?"

"లేదండి, ఉత్త కాచ్చల్. ఎండ కాచ్చల్. బేస్తవారం మా అమ్మ ఆండిపట్టి నించి వస్తాది, ఎత్తుకుపోతాది. అంతవరకు పిల్లోన్ని ఎక్కడ పెట్టేది? నేను ఇంటికి బీగం యేసి పోవాల."

అది ఎండ జ్వరం కాదని ఇద్దరికీ తెలుసు. తిలకవతి పని అడకత్తెరలో పోకచెక్క అయింది. పేరు రాస్తే తల్లి కూలి పోతుంది, బిడ్డ షెడ్డుకు పోతాడు. లైన్ల నుంచి ఆ షెడ్డుకు పోయిన ఇద్దరూ తిరిగి రాలేదు. రాయకపోతే గదిలో ఇంకా ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. రెండు మూడు రోజులేగా అనుకుంది. లోకంలో సగం తప్పులు ఈ 'రెండు రోజులేగా' అన్న మాటలోనే పుడతాయి.

మునిని వెనక మూల చాప మీద పడుకోబెట్టి, తన పాత చీర కప్పింది. వాడి ముందు వరసలో సెల్లమ్మాళ్ కూర్చునేది. నాలుగో లైనులో ఉండే పాప్పమ్మాళ్ కూతురు, ఇంట్లో సెల్లి అని పిలుచుకునే ఆరేళ్ళ పిల్ల. ఊరికే ఉండలేని రకం. వాడు మూలుగుతుంటే లేచి పోయి పక్కన చతికిలబడి, పలకతో విసరడం మొదలుపెట్టింది. తిలకవతి చూసింది. ఇటు రావే అనాలి. అంటే ఎందుకని తక్కిన పిల్లలు అడుగుతారు, సాయంత్రానికి లైన్లన్నీ అడుగుతాయి. అందుకని అనలేదు. పైగా దగ్గరికి పోయి "మంచిదానివే నువ్వు" అని ఆ పిల్ల తల నిమిరింది. మెచ్చుకోలు దొరికిన పిల్ల ఊరుకుంటుందా? మర్నాడూ విసిరింది, ఆ మర్నాడూ విసిరింది.

గురువారం మునిని వాళ్ళ అవ్వ తీసుకుపోయింది. ఆండిపట్టి చేరాక ఒళ్ళంతా పొక్కింది. వాడు బతికాడు. రెండు నెలల తర్వాత ముఖం నిండా మచ్చలతో తిరిగొచ్చాడు. అక్కడే ఎక్కడో తగులుకుందని లైన్లో అనుకున్నారు.

ఇక్కడ బడిలో రెండు వారాలు తిరిగేసరికి ముగ్గురు పిల్లలు పడ్డారు. ఇద్దరు లేచారు. సెల్లమ్మాళ్ తొమ్మిదో నాడు పోయింది. బడి నలభై రోజులు మూశారు.

తెరిచాక వచ్చిన తిలకవతి పాత తిలకవతి కాదు. చేతులు కడిగిందే కడిగేది, వేళ్ళ సందులు పగిలి నెత్తురు వచ్చేదాకా కడిగేది. పిల్లల వేలు పట్టుకోవడం మానేసింది. బెత్తంతో ఇసుకలో గీసి, దాని మీద దిద్దుకోండని దూరంగా నిలబడేది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, బడిలో ఎవరు ఏ రోగం మాటెత్తినా లేచి బయటికి పోయేది. ఇంటికి పోయే దారి నాలుగో లైను ముందు నుంచే. అక్కడికి రాగానే ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు ఆ వైపుకు వాల్చుకుని నడిచేది. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే కనిపించేది: పలక ఊపుతున్న చిన్న చెయ్యి, ఆ తల మీద తన చెయ్యి.

ఒక్క ఆవిడే కాదు లెండి. మూడో తరగతి టీచరు ఉద్యోగం వదిలేసి ఊరికి పోయింది. హెడ్మాస్టరు సుబ్బరాయన్ రోజుకు నాలుగుసార్లు పిల్లల్ని లెక్కపెట్టేవాడు, ఒకరు తగ్గితే ముఖం పాలిపోయేది. ఒకరోజు తిలకవతి ఆయన గదిలోకి వెళ్ళి, "సార్, ఆ సోమవారం నేను..." అని మొదలుపెట్టింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"చెప్పొద్దండి టీచర్. మీరు చెప్తే నేను పైకి రాయాల. రాస్తే మీరుండరు, నేనుండను, ఈ బడే ఉండదు. ఏం చేసేది? మనం పాఠం చెప్పుకునే వాద్యార్లం, వైద్యులం కాము."

తిలాపాపం తలా పిడికెడు అన్నారు గాని, పిడికెడు పంచుకున్నంత మాత్రాన ఎవరి గుప్పిట తేలికపడింది?

చంద్రశేఖరన్ పెళ్ళాన్ని పళని తీసుకుపోయాడు. మెట్లన్నీ ఎక్కి, మురుగన్ ముందు నిలబడి అంతా చెప్పుకుంది. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఎవరికి చెబితే పోతుందో మాత్రం చెప్పరు. దేవుడికి చెప్పుకోవడం తేలిక, ఆయన ఎదురు ప్రశ్న వెయ్యడు. విభూతి పొట్లంతో దిగి వచ్చింది, మరుసటి సోమవారం మళ్ళీ గొడుగు వాల్చుకునే నడిచింది.

అలా రెండేళ్ళు గడిచాయి. జూన్‌లో బడి తెరిచిన మొదటి రోజు పాప్పమ్మాళ్ తన చిన్న కూతుర్ని చేర్చడానికి తీసుకొచ్చింది. తిలకవతి రిజిస్టరు తెరిచింది. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి పిల్లను అడిగింది.

"ఏమి తిన్యావు కన్నూ?"

"అవ్వ కూడు పెట్టింది. అమ్మ చేతి కూడు తినకూడదు."

తిలకవతి తల్లి వంక చూసింది. పాప్పమ్మాళ్ ఎండా వానా గురించి చెప్పినట్టు చెప్పుకుపోయింది.

"అవునండి. ఆ మాసి నెలలో మా వీధిలో ఆత్తా దిగిండాదని నాకు తెలీదు టీచరమ్మా. పులుసుకు తాళింపు పెట్టేసినాను. ఆత్తా ఉండేటప్పుడు తాళింపు వాసన రాకూడదు కదండి. ఆవాలు చిటపటమన్న సద్దు వీధంతా విన్యారు. ఆత్తాకు కోపం వచ్చి నా సెల్లినే ఎత్తుకున్యాది. మా అత్త చెప్పింది, మా ఆయనా నమ్మినాడు. రెండేండ్లుగా ఇంట్లో నా చేతిది ఎవురూ తినరు. ఈ చెయ్యి మంచిది కాదండి."

అని ఆ చేతిని తనే ఒకసారి చూసుకుంది.

తిలకవతి ఇన్నాళ్ళూ ఒక బిడ్డ గురించి ఏడ్చింది. తన నోరు మూతపడ్డందుకు ఒక తల్లి రెండేళ్ళుగా సొంత ఇంట్లో అంటరానిదై బతుకుతోందని ఆవిడకు తోచనే లేదు.

"నీ తాళింపు కాదు పాప్పమ్మా," అంది. "నేను. కాచ్చల్ ఉండే పిల్లోన్ని గదిలో మూడు దినాలు పెట్టుకున్యాను. పేరు రాయలేదు."

పాప్పమ్మాళ్ చిన్న కూతుర్ని దగ్గరికి లాక్కుంది. తర్వాత అడిగింది.

"ఆ పిల్లోడి పక్కన నా సెల్లి కూసునిందా?"

"కూసునింది. పలకతో విసిరింది."

"మీరు చూసినారా?"

"చూసినాను. మంచిదానివని మెచ్చుకున్యాను."

ఏడుస్తుందనుకుంది, కొడుతుందనుకుంది. పాప్పమ్మాళ్ ఆ రెండూ చెయ్యలేదు.

"నాకు చెప్తే ఏమి వస్తాది టీచరమ్మా? మా అత్తకు చెప్పండి. లైన్లో అందురూ వినేట్టు చెప్పండి."

ఆదివారం పొద్దున తిలకవతి గొడుగు లేకుండా నాలుగో లైనుకు పోయింది. కొళాయి దగ్గర నీళ్ళకు ఆడవాళ్ళంతా ఉన్నారు. కరుప్పన్, అంటే పాప్పమ్మాళ్ మొగుడు, గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. అతని తల్లి బిందె వెనక బిందె పెట్టిస్తూ అజమాయిషీ చేస్తోంది. తిలకవతి నిలబడి, పాఠం అప్పజెప్పే పిల్లలాగా, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. తప్పు తనదనీ, కోడలి చేతిలో ఏ దోషమూ లేదనీ చెప్పింది.

కొళాయి నీళ్ళు పొంగిపోతున్నా ఎవరూ కట్టలేదు. ముసలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"అట్లయితే ఆ బిడ్డ ఎవురి బిడ్డ? పేరు చెప్పండి."

జోతిమణి అక్కడే ఉంది, బిందె చంకన పెట్టుకుని. ఆమెకు ఇప్పుడు మిల్లులో పర్మనెంటు పని. కొంగు పట్టుకుని ముని, ముఖం నిండా మచ్చలతో. జోతిమణి తిలకవతిని చూసింది. అప్పుడు కాళ్ళు పట్టుకుంటానన్న చూపే అది. ఒక తల్లి మెడలో నిందను తీసి ఇంకో తల్లి మెడలో వెయ్యడమా? ఆ పసివాడి ముఖం మీద లైనంతా వేలు పెట్టి చూపించడమా? తిలకవతి నోరు తెరిచింది.

"పేరు... జ్ఞాపకం లేదు," అంది.

ముసలమ్మ నవ్వేసింది.

"పేరు లేని బిడ్డ! చూసినారా, టీచరమ్మది ఎంత దొడ్డ మనసో! మా కోడలు పోయి ఏడ్చిండాది. పావం అని తప్పు తన మీద యేసుకునేదానికి వచ్చిండారు."

ఆడవాళ్ళందరూ తలలూపారు. పెద్దింటి మనిషి, అందులోనూ టీచరమ్మ, తప్పు చేస్తుందని నమ్మే అలవాటు లైన్లో లేదు. కరుప్పన్ బీడీ పారేసి లేచి నిలబడ్డాడు గౌరవంగా. ఎవరో లోపలి నుంచి స్టూలు తెచ్చి, పైట చెంగుతో తుడిచి వేశారు. తిలకవతి దాని మీద కూర్చుంది.

పాప్పమ్మాళ్ బిందె ఎత్తుకోవడానికి పక్కకు వచ్చి వంగింది. వేరే ఎవరికీ వినిపించనంత మెల్లగా అంది.

"అది ముని అని మీరు బడిలో చెప్పిన దినమే నాకు తెలిసిపోయింది టీచరమ్మా. వాని మొగం మీద మచ్చలు చూసేదానికి నాకు కండ్లు లేవా? మీ నోట్లో నించి వస్తాదేమో అని చూసినాను."

బిందె నడుమున పెట్టుకుని ఇంట్లోకి పోయింది. ముసలమ్మ ఇంకా టీచరమ్మ మంచి మనసు గురించి అందరికీ చెబుతూనే ఉంది.