బ్రేకుకు కట్టిన పంచె పీలిక

పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో లేత్ మిషను మీద ఇనుము చెక్కే టర్నరు తిరువేంగడానికి దెయ్యాలంటే వేళాకోళం. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "ఉంటే తీసుకొనిరా పా, లేత్ మీద బిగించి ఎంత వంకరో చెప్తాను" అనేవాడు. తమ్ముడు గోపాలస్వామి పోయేదాకా అలాగే అన్నాడు.

గోపాలు ముప్పై నిండకుండానే విషజ్వరంతో పోయాడు. పెళ్ళి కాలేదు. మిగిల్చింది ఒక మోటార్‌సైకిల్. ఏడాదిపాటు అది క్వార్టర్స్ వసారాలో గోనెపట్టా కింద నిలబడి ఉంది. తల్లి అలివేలుమంగ దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. శుక్రవారం శుక్రవారం పెద్దకొడుకు షిఫ్టుకు పోయాక పట్టా ఎత్తి, బిందెడు పసుపునీళ్ళు పోసి కడిగి, బొట్టు పెట్టి, మళ్ళీ కప్పేది. ఇంట్లో మనుషులకు కూడా ఇంత వైభోగం లేదని కోడలు మంగళ గొణిగేది. సంవత్సరీకం అయ్యాక, "నువ్వే తోలుకో నాయనా" అని తల్లే తాళంచెవి ఇచ్చింది.

మొదటిరోజే రైలు గేటు దగ్గర ముందు బ్రేకు నొక్కాడు. వేళ్ళ కింద లివరు వణికింది. హ్యాండిలు దడదడలాడి ఆ వణుకు భుజాల దాకా పాకింది. తిరువేంగడం లివరు వదిలేసి వెనక బ్రేకు తొక్కాడు. ఆస్పత్రిలో చివరిరోజు గోపాలు చెయ్యి తన చేతిలో సరిగ్గా ఇలాగే వణికింది.

ఆ తర్వాత ముందు బ్రేకు జోలికే పోలేదు. వెనక బ్రేకుతోనే నెట్టుకొచ్చాడు. ఒకరోజు మంగళను ఎక్కించుకుని పోతుంటే ముందున్న బస్సు ఠక్కున ఆగింది. బండి జారుతూ పోయి బస్సుకు జానెడు దూరంలో నిలిచింది.

"చెయ్యి పడిపోయిందా మీకు? ముందు బ్రేకు పట్టరాదా?" అంది మంగళ, దిగి కొంగు సర్దుకుంటూ.

"పడితే గోపాలు వణుకుతాడే."

మంగళ కోపం చప్పున చల్లారిపోయింది. "అట్లయితే విప్పి చూడండి. టర్నరు గదా మీరు" అంది.

ఆదివారం చూశాడు. ముందు ఫోర్కు పట్టుకుని ఊపాడు, వదులు లేదు. చువ్వలు తట్టి చూశాడు, అన్నీ గట్టిగానే ఉన్నాయి. చక్రం పైకెత్తి తిప్పుతూ బ్రేకు కాస్త ఆనిస్తే, ప్రతి చుట్టులోనూ అదే చోట పట్టుకుంటోంది. చక్రం ఊడదీశాడు. నున్నగా ఉండాల్సిన డ్రమ్ము లోపల రెండు గోధుమరంగు మచ్చలు, అచ్చం డ్రమ్మును ఒత్తిపట్టే బ్రేకు షూల ఆకారంలో, వేలికి గరుగ్గా తగిలాయి. తడి బండికి నెలల తరబడి బ్రేకు పట్టి ఉంచితే గాని అలా తుప్పు పట్టదు. మీద మనిషి లేకుండా ఏడాదిగా నిలబడిన బండికి బ్రేకు పట్టి ఉంచిందెవరు? తిరువేంగడం ఆ మాట పైకే అనేశాడు.

"నేనే రా" అంది తల్లి గడపలోంచి. "వాడి పంచె పీలికతో ఆ లివరు బిగించి కట్టినాను. వాడొచ్చి బండి తీసుకొని పోతాడేమోనని. బండి కదలకుంటే వాడు ఈడనే ఉంటాడు గదా."

"మరి నాకెందుకు ఇచ్చినావు మా?"

"సంవత్సరీకం అయినాక వాణ్ణి పంపించేయాల అన్నారు పెద్దోళ్ళు. విప్పినాను. వాడు పోలేదంట గదా, మంగళ చెప్పింది. దాన్ని బాగు చెయ్యొద్దు నాయనా."

"అది తుప్పు మా."

"తుప్పే అనుకో. నువ్వు వాడి చెయ్యి పట్టినావు. నేను పట్టలేదే."

తిరువేంగడం చక్రం మళ్ళీ బిగించాడు. తల్లి చెయ్యి లివరు మీద పెట్టించి, దానిమీద తన చెయ్యి వేసి, బండిని సందులో నెమ్మదిగా నెట్టాడు. లివరు వణికింది. ముసలామె కళ్ళు మూసుకుని నడిచింది. సందు చివర, "వాడే" అంది.

మర్నాడు తిరువేంగడం తెలిసినవాళ్ళ లేత్ షెడ్డులో చక్రాన్ని మిషనుకెక్కించి, డ్రమ్మును తానే పలచగా కోశాడు. చిటికెడు ఎర్రపొడి రాలింది, లోపల తళతళలాడింది. కొత్త షూలు వేశాడు. వస్తూ రైలు గేటు దగ్గర బ్రేకు నొక్కాడు. బండి మెత్తగా ఆగింది. చేతిలో లివరు తప్ప ఎవరూ లేరు. శ్మశానంలో రాని ఏడుపు అప్పుడొచ్చింది.

సాయంత్రం తల్లి మళ్ళీ ఆ పీలిక తెచ్చి లివరుకు చుట్టి ముడి వేసింది. పొద్దున్నే అతను విప్పాడు. ఏళ్ళ తరబడి అదే వరస. "తడిగా ఉన్నప్పుడు కట్టొద్దు మా" అన్న మాట తప్ప అతను వద్దనలేదు.

ఆమె పోయినరోజు శ్మశానం నుంచి వచ్చి స్నానం చేసి, తిరువేంగడం తల్లి దిండు కింద ఆ పీలిక వెతికి తీశాడు. వసారాలోకి వచ్చి లివరు బిగించి కట్టాడు. మంగళ చూస్తూ నిలబడింది. అత్తగారు ఎప్పుడూ ఒక ముడే వేసేది. అతను రెండు వేశాడు.