చివరి వారం లేని నవల

2001. సికింద్రాబాద్‌లో ఏ గోడ చూసినా జావా కోర్సుల పోస్టర్లే కనిపించే రోజులు. మా పీజీ కాలేజీలో తెలుగు శాఖ రెండో అంతస్తులో ఉండేది. కింద కంప్యూటర్ ల్యాబ్. పిల్లలంతా కిందే ఆగిపోయేవారు. పైదాకా వచ్చేవాళ్లు రెండే రకాలు: సాహిత్యమంటే ప్రాణం పెట్టేవాళ్లు, దారి తప్పినవాళ్లు. అక్కడ నేను రీడర్‌ని, పీహెచ్‌డీ చేసేవాళ్లకు గైడ్‌ని.

షాహీన్ మొదటి రకం. జనగామ అమ్మాయి, వాళ్ల నాన్నకి అక్కడ బట్టల కొట్టు. పొద్దున సైనిక్‌పురిలో ఒక స్కూల్లో తెలుగు చెప్పి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాతో మా శాఖకి వచ్చేది. తను ఎంచుకున్న అంశం, వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన డిటెక్టివ్ నవలలు. సినాప్సిస్, అంటే ఏం పరిశోధిస్తామో ముందుగా రాసిచ్చే పథకం, కమిటీ ముందు పెట్టినప్పుడు ఒక పెద్దాయన పెదవి విరిచారు.

"ఇవి బస్సులో చదివి బస్సులోనే వదిలేసేవి కదమ్మా!"

నాకు ఒళ్లు మండింది. "బస్సులో పదిమంది చదివేదాన్ని క్లాసులో ఒక్కరు చదివితే తప్పేమిటండీ?" అన్నాను. ఎలాగో గట్టెక్కాం.

అసలు తిప్పలు ఆ తరవాత మొదలయ్యాయి. ప్రబంధాలైతే ఏ లైబ్రరీలోనైనా దొరుకుతాయి. ఈ నవలల్ని ఎవరూ దాచలేదు. అద్దె పుస్తకాల షాపులు ఒక్కొక్కటే మూతపడి సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ సెంటర్లు అయిపోతున్నాయి. ఇక మిగిలినవి ఇళ్లలోని కుట్టు పుస్తకాలు. వెనకటికి ఆడవాళ్లు వారంవారం సీరియల్ పేజీలు చింపి దాచుకుని, కథ పూర్తయ్యాక దబ్బనంతో కుట్టి అట్ట వేసుకునేవారు. మా అమ్మా కుట్టేది, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక. షాహీన్‌కి ప్రైమరీ సోర్సులు, అంటే పరిశోధనకు మూలాధారాలు, అవే అయ్యాయి.

అలాంటిదొకటి మౌలాలి రైల్వే కాలనీలో సుందరమ్మగారి దగ్గర దొరికింది. ఆవిడ గార్డుగారి భార్య, శ్రీకాకుళం వైపు మనిషి. ఆ నవలలో ఒక డాక్టరమ్మ హంతకుడి కోసం వెతుకుతూ పాడుబడ్డ బంగళాకి వెళుతుంది. చివరి పేజీలో తలుపు తోసి, ఎదురుగా కనిపించినవాళ్లని చూసి "నువ్వా?" అంటుంది. అంతటితో సరి.

షాహీన్ ఎగిరి గంతేసింది. ముగింపును పాఠకులకే వదిలేసిన అరుదైన డిటెక్టివ్ నవల అంటూ ఒక అధ్యాయమంతా రాసింది. బాగా రాసింది కూడా. నాకే మింగుడు పడలేదు. వారాల తరబడి ఊరించి హంతకుడెవరో చెప్పకపోతే జనం పత్రికాఫీసు మీద పడరూ? డిటెక్టివ్ జానర్‌కి, అంటే ఆ జాతి కథలకి, హంతకుణ్ని పట్టివ్వడమే ధర్మం. "పద, ఆవిణ్నే అడుగుదాం" అన్నాను.

సుందరమ్మగారు మాకు టీ ఇచ్చి, సంగతి విని పకపకా నవ్వారు.

"ముగింపు లేకపోడమేటమ్మా! ఆ వారమే మాకు వాల్తేరు నుంచి ట్రాన్స్‌ఫర్. పత్రిక పాతింటికి పోయింది, మేం ఇక్కడికొచ్చీసాం. ఉన్నకాడికి కుట్టీసాను."

షాహీన్ టీ కప్పు పక్కన పెట్టేసింది. థీసిస్ ఇవ్వడానికి ఆ నెలాఖరే గడువు. అప్పటికే ఒకసారి పొడిగించారు, ఇక పొడిగించరు. పట్టా వస్తే వరంగల్‌లో ఒక కాలేజీ లెక్చరర్‌గా తీసుకుంటామంది. రాకపోతే వాళ్లన్న చూసిపెట్టిన కాల్ సెంటర్. ఆ పత్రికేమో ఎప్పుడో మూతపడింది.

మేం లేవబోతుంటే సుందరమ్మగారు అడ్డొచ్చారు. "అద్దె కట్టకుండా వెళ్లిపోతావేటి? తలుపెనకాల ఎవరున్నారో చెప్పు. కాలనీలో ఎవరికిచ్చినా ఇదే షరతు. ముగింపు చెప్పి పుస్తకం తిరిగివ్వాల." ఒకావిడ మొగుడే అందట, ఒకావిడ అత్తగారందట. ఎదురింటి కనకమ్మయితే, అక్కడ మనిషే లేదు, అద్దం ఉందట. డాక్టరమ్మ తనని తానే చూసుకుని "నువ్వా?" అందట. ఆ మాటకి నాకు ఒళ్లు జలదరించింది. షాహీన్‌కి మాత్రం ఏదీ చెవికెక్కలేదు.

బయటికొచ్చాక గుట్ట మీది దర్గా వైపు చూస్తూ నిలబడింది. "పరేషాన్ అయితుంది మేడం. గిట్లనే ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తది?"

"నీకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరు చాలు."

మర్నాడు శాఖకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. కాల్ సెంటర్‌కే వెళ్లిపోయిందనుకుని నాకు అన్నం సహించలేదు. మూడోనాడు ఎండకి మాడిన మొహంతో వచ్చింది. "అద్దె వసూలు చేస్తున్న మేడం. కనకమ్మ, వాళ్ల కోడలు, పక్క లైన్లో ఉన్నోళ్లు సుత తలా ఒక ముగింపు చెప్పిన్రు. అధ్యాయం మొత్తం మళ్ల రాస్త. జెర చూసిపెట్టుండ్రి." గడువు రోజు సాయంత్రం థీసిస్ ఇచ్చేశాం.

కొన్ని నెలలకు వైవా, అంటే పరిశోధకులు అందరి ముందూ జవాబులు చెప్పుకునే పరీక్ష. ఎవరైనా వచ్చి వినొచ్చు. సుందరమ్మగారు పట్టుచీర కట్టుకుని వెనక వరసలో కూర్చున్నారు. పరీక్షకులు ప్రబంధాల్లో దిట్ట, నవ్వడం తెలియని మనిషి. వచ్చీరాగానే ఆ అధ్యాయమే పట్టుకున్నారు.

"మూలమే అసంపూర్ణమైతే మీ అధ్యాయం ఎలా నిలుస్తుంది?"

షాహీన్ ఆ అధ్యాయం తెరిచింది. "ముగింపు దొరకలే సర్. దొరకలేదనే రాసిన. కానీ ఆ కాలనీల చదివినోళ్లందరు ఈ నవలను పూర్తి చేసిన్రు. నా అధ్యాయం నవల మీద కాదు సర్, వాళ్ల మీద."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"కాంపౌండర్," అన్నారాయన.

"సర్?"

"తలుపు వెనక ఉన్నది కాంపౌండర్. అప్పట్లో చదివాను. మా నాన్నగారికి కనబడకుండా, ప్రబంధం మధ్యలో పెట్టుకుని."

హాలంతా గొల్లున నవ్వింది. సుందరమ్మగారు మాత్రం లేచి నిలబడ్డారు. "కాంపౌండరా? ఇన్నేళ్లూ ఎదురుచూసింది దీనికేటి? మా కనకం చెప్పిందే బాగుంది బాబూ!"

"ఆవిడ చెప్పింది ఈ థీసిస్‌లో చదివానమ్మా. నాకూ అదే నచ్చింది," అని, ఆయన పట్టా ఇవ్వవచ్చని రాసి సంతకం పెట్టారు. షాహీన్ ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు!

షాహీన్ ఇప్పుడు వరంగల్‌లో తనే గైడ్. ఇన్నేళ్లు నేను క్లాసులో జానర్ లక్షణాలు చెప్పాను. అవన్నీ నిజమే. కానీ నవల అచ్చులో పూర్తవదని, చదివి పక్కింటివాళ్లతో వాదించుకున్నప్పుడే పూర్తవుతుందని నాకు నేర్పింది ఆ రైల్వే కాలనీ. గార్డుగారు రిటైరై క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు సుందరమ్మగారు ఆ పుస్తకం నా చేతిలో పెట్టారు. పాత శిష్యులు అడిగితే ఇస్తుంటాను. చదివి తెచ్చి, "ఎవరు మేడం?" అని ప్రాణం తీస్తారు. కాంపౌండర్ సంగతి మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ముందు అద్దె కట్టు," అంటాను.