రీబటన్ టైరు మీద నీటి గన్ను

ఎనభైల మొదట్లో ఆదోనిలో, ఎమ్మిగనూరు రోడ్డు పక్కన నాకు బండ్లు కడిగే సర్వీసింగ్ షెడ్డు ఉండేది. ఒక కరెంటు మోటారు, దానికో పంపు, పొడుగాటి పైపు, చివర ఇత్తడి గన్ను. నొక్కితే నీళ్లు సన్నగా, సూటిగా దూసుకుపోయేవి. అంతదాకా బకెట్లతో బండ్లు కడుక్కున్న ఊరు కదా, మిల్లులకు పత్తి తోలే లారీ డ్రైవర్లు పని లేకపోయినా నిలబడి చూసేవాళ్లు. ఆ చూపులు నాకు బాగా నెత్తికెక్కాయి. నా పని గురించి ఎవరైనా ఒక మాట అంటే ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు మధ్యాహ్నం టాక్సీ నడిపే ఒక పెద్దాయన వచ్చాడు. మేమంతా ఆయన్ను చాచా అనేవాళ్లం. పాత తెల్ల అంబాసిడర్ ఆయనది. దాన్ని రోజూ సొంత చేతులతో తుడుచుకునేవాడు కాబట్టి నా షెడ్డు గడప తొక్కింది లేదు. ముందురోజు కౌతాళం వైపు వానలో పోయి రావడంతో చక్రాల నిండా నల్లరేగడి పట్టి, ఎండి రాయిలా గట్టిపడింది. అందుకని తప్పక వచ్చాడు.

"టైర్ల కాడ మాత్రం గన్ను దగ్గర పెట్టొద్దు నాయనా. రీబటన్ టైర్లు. దూరం నుంచి నానబెట్టు సాలు, మిగిలింది నేను తీసుకుంటా" అన్నాడు.

అరిగిపోయిన టైరుకు పైన కొత్త రబ్బరు పట్టీ అతికిస్తే దాన్ని రీబటన్ అంటాం. అప్పట్లో టాక్సీలు సగం వాటి మీదే నడిచేవి. ఆయన చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. కానీ అక్కడ ఇద్దరు లారీ డ్రైవర్లున్నారు. వాళ్ల ముందు నాకు పని నేర్పుతున్నాడనిపించింది.

"నీళ్లకు టైరు తెగేటట్లుంటే వానాకాలమంతా బండ్లు ఇంట్లో పెట్టుకోవాల చాచా" అన్నాను. డ్రైవర్లు నవ్వారు. ఆయనా నవ్వి టీ తాగడానికి పోయాడు.

ఆయన అటు తిరగగానే గన్ను తీసుకుపోయి ఎడమ వైపు ముందు టైరుకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టాను. కావాలనే పెట్టాను. రేగడి పెళ్లలు పెళ్లలుగా ఊడిపోతుంటే భలే సంబరంగా ఉంది. ఉన్నట్టుండి మట్టితో పాటు ఒక రబ్బరు అంచు కూడా పైకి లేచింది. కొత్త పట్టీకి, పాత టైరుకు మధ్య అతుకు విడిపోయి, బొటనవేలు దూరేంత సందు పడింది. లోపల టైరు దారాలు తెల్లగా, తడిసి కనిపించాయి.

చాచాను అప్పుడే పిలిచి చెబితే అయిపోయేది. నేను ఆ అంచును బొటనవేలితో లోపలికి నొక్కేశాను. కడిగిన టైర్లకు కిరసనాయిలు కలిపిన పాత ఇంజనాయిలు పూయడం అప్పట్లో మా అలవాటు. టైరు నల్లగా నిగనిగలాడకపోతే బండి కడిగినట్టే కాదు మా ఊళ్లో. ఆ టైరుకు మాత్రం రెండు సార్లు పూశాను. చాచా వచ్చి చూసి, "కొత్తవాటి మాదిరి మెరుస్తాండాయే" అని మురిసిపోయాడు. అదే నూనె రబ్బరును తినేస్తుందని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

సాయంత్రం ఉండబట్టలేక పక్కనున్న పంక్చర్ షాపతన్ని ఊరికే అడిగినట్టు అడిగాను. నీళ్ల దెబ్బకు టైరు పాడవుతుందా అని.

"మంచి టైరుకు ఏం గాదన్నా" అన్నాడతను. "పాతది, పగుళ్లు పట్టిందయితే, దగ్గర పెట్టి కొడితే నీళ్లు సందులోకి దూరతాయి. రీబటన్ అయితే అతుకే లేసిపోతాది. అట్లాంటిది స్పీడు మీద పోతే పట్టీ ఊడి పగుల్తాది. ఎవురిది?"

"ఎవరిదీ కాదు" అన్నాను. అతని మాటల్లో మొదటి ముక్క ఒక్కటే పట్టుకుని ఇంటికి పోయాను. ఏం గాదు, ఏం గాదు అనుకుంటూనే పడుకున్నాను.

మర్నాడు పొద్దున షెడ్డు తీస్తుంటే ఆ అంబాసిడరే వచ్చి ముందు ఆగింది. వెనక సీట్లో ఆదోని ఆస్పత్రిలో కాన్పయిన ఒక చేనేత కార్మికుల ఇంటి కోడలు, ఒళ్లో పది రోజుల బిడ్డ, పక్కన ఆమె మామ. వాళ్లను ఎమ్మిగనూరులో దింపడానికి పోతున్నాడు.

"ఎమ్మిగనూరులో పనుందని నిన్న అంటివి గదా. ముందర సీటు కాలీగా ఉంది, ఎక్కు" అన్నాడు చాచా.

నా కళ్లు టైరు మీదికి పోయాయి. నల్లగా మెరుస్తూ ఏమీ కనపడనివ్వడం లేదు. చెప్పాలని నోరు తెరిచాను. చెబితే నిన్న దాచిన సంగతి కూడా చెప్పాలి.

"ఇప్పుడు కాదు చాచా, బస్సుకు వస్తా" అన్నాను.

బండి పోయింది. అది మలుపు తిరిగాక గానీ నేను చేసిందేమిటో నాకు తెలిసి రాలేదు. షెడ్డు అట్లాగే వదిలేసి, వచ్చిన మొదటి బస్సు ఎక్కాను. ఎదురుగా ఏ తెల్ల కారు కనిపించినా సీట్లోంచి లేచాను.

ఎమ్మిగనూరు ఇంకా కొంత దూరం ఉందనగా బస్సు ఆగింది. అంబాసిడర్ రోడ్డు దిగి పత్తిచేలో మూతి పెట్టి ఉంది. ఎడమ ముందు టైరు చీలికలై వేలాడుతోంది. ఆ కోడలు పిల్ల కణత మీద బొప్పి కట్టింది. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు వినిపించాక నాకు ఊపిరి ఆడింది. అందరూ బతికే ఉన్నారు.

ఆమె మామ టైరులోంచి వేలాడుతున్న దారాలను వేళ్లతో నలిపి చూస్తున్నాడు. "ముసలోడివి, నీ బండి నమ్ముకొని పసిబిడ్డను ఎక్కిస్తిమి" అంటున్నాడు. చాచా తల వంచుకుని నిలబడ్డాడు. "నాదే తప్పప్పా. నిన్ననే సూసుకొని ఉండాల్సింది" అన్నాడు.

ఇక ఆగలేకపోయాను. గన్ను దగ్గర పెట్టింది, అతుకు లేచింది, నొక్కి నూనె పూసింది, అంతా అందరి ముందే చెప్పేశాను. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

చాచా తలెత్తి నా వైపు చూశాడు.

"పొద్దున నా బండి ఎక్కకపోతివే" అన్నాడు మెల్లగా. "అందుకేనా?"

బిడ్డతో వెనక సీట్లో కూర్చున్న ఆ కోడలు పిల్ల కూడా తలెత్తి నా వైపే చూస్తోంది. నేను అవునన్నట్టు తల ఊపాను.