వీరన్న మైకులో ‘వీలీ’

మా సందులో కుర్రవాళ్లు మోటారుసైకిలు ముందు చక్రాన్ని రెప్పపాటు పైకి లేపి ధబ్బున దించుతుంటారు. పెట్రోలు వాసన కిటికీలోంచి లోపలికొస్తుంది, దాని వెనకే ‘వీలీ’ అన్న కేక. అది విన్నప్పుడల్లా నాకు వీరన్న గుర్తుకొస్తాడు. ఆయన గొంతును ఎవరూ రికార్డు చేయలేదు. విన్నవాళ్లం కొద్దిమందిమే మిగిలాం. అందుకే రాసిపెడుతున్నాను.

వీరన్నకు జహీరాబాద్‌లో మైకుసెట్టు ఉండేది. పెళ్లిళ్లకూ జాతరలకూ కట్టేవాడు, ప్రకటనలూ తనే చెప్పేవాడు. నా బడిచదువు పదితోనే ఆగింది. మిగతాదంతా గ్రంథాలయం బెంచీ మీద నేర్చుకున్నదే. ఎనభైల మొదట్లో అక్కడి ఇంగ్లీషు పత్రికలో ఒక బొమ్మ చూశాను. వెనక చక్రం మీదే పోతున్న సైకిలు, కింద ‘వీలీ’ అని పేరు. అక్కడి నిఘంటువులో ఆ మాట లేదు. నిఘంటువుకే తెలియనిది నాకు తెలిసిందని పొంగిపోయాను. కానీ చక్రం లేస్తే చాలా, ఆ పైన బండి నడవాలా? ఆ సందేహం మాత్రం తీరలేదు.

ఆ ఎండాకాలమే బీదర్ వైపు నుంచి బసప్ప వచ్చాడు. ఐదు రోజులు కాలు నేలకు తాకించకుండా మైదానంలో గుండ్రంగా సైకిలు తొక్కుతానన్నాడు. తిండీ స్నానమూ సైకిలు మీదే. ముందు చక్రం లేపే విద్య అతనికి తెలుసు. రాయికోడ్‌లో పడి నవ్వులపాలయ్యాక మానేశాడట. చివరి సాయంత్రం మళ్లీ చేస్తానన్నాడు. కాలు కింద పెట్టాడా, అన్ని రోజుల కష్టమూ మట్టిపాలే.

ఆ ఆటకు మైకు కట్టిన వీరన్నకు నేను నా కొత్త మాట అందించాను.

“ఏం పంతులూ, గిది తినేదా, తాగేదా?” అని నవ్వాడు. వివరించాక, “బొమ్మల సైకిల్ ఎన్కకు దుమ్ము లేసిందా?” అని అడిగాడు. లేచిందన్నాను. “అట్లయితే బండి నడ్సినట్టే గదా!” అన్నాడు.

నాకు ఆ దుమ్ము కనిపించింది గానీ, దాన్ని చదవాలని తోచలేదు.

ఐదో రోజు సాయంత్రం బసప్ప హ్యాండిలు లాగాడు. చక్రం లేచింది, వెంటనే దిగింది. జనం చప్పట్లు కొట్టారు.

“అన్నా, చెప్పేయ్! మళ్లీ చేస్తే పడతాడు” అన్నాను.

వీరన్న మైకును అరచేత్తో మూశాడు. “జర ఆగు. లేసింది, నడ్వలే. గాయినకు ఎర్కలేదా?”

బసప్ప మా ముందుగా తిరుగుతూ, “ఏం వీరన్నా, అయ్యిందా?” అని అరిచాడు.

“కాలే బసప్పా! ఇంత దూరమొచ్చి ఉత్త చప్పట్లు తీస్కపోతవా?”

బసప్ప పకపకా నవ్వాడు. మరో చుట్టు తిరిగాడు. ఈసారి బండి వెనక చక్రం మీదే మైదానం అంచున పాతిన ఒక గుంజనుంచి మరో గుంజదాకా సాగింది. ముందు చక్రం దిగాక, కాలు నేలను తాకలేదని చూసుకుని, వీరన్న మైకును నా నోటి దగ్గర పెట్టాడు. “నీ మాటనే గదా, నువ్వే జెప్పు.”

“వీలీ” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఇప్పుడు నేను పుస్తక సమీక్షలు రాస్తుంటాను. ఈనాటికీ ఎవరి పుస్తకాన్నయినా ‘గొప్పది’ అని రాయబోతే నా చెయ్యి కాసేపు ఆగుతుంది. ఎవరో మైకును మూసినట్టుంటుంది.

పత్రికను ఇంటికి తీసుకుపోనిచ్చిన గ్రంథపాలకుడు రహీం సాబుకు, ఆ సాయంత్రాన్ని నాతో కలిసి గుర్తు చేసుకున్న వీరన్న కూతురు సుశీలమ్మకు కృతజ్ఞతలు. బసప్పకు కూడా, రెండోసారి హ్యాండిలు లాగినందుకు.