టమోటా ఆగిన చోట

మొన్న మంగళవారం ఉదయం ఆరూ ఇరవైకి వాన వెలిసింది. మదనపల్లెలో మా వీధికి వాన వెలిశాక వచ్చేది తడిమట్టి వాసన కాదు, పగిలిన టమోటా వాసన. మార్కెట్టుకు పోయే బండ్ల నుంచి జారిపడిన కాయలన్నీ కాలువలోకి చేరి, పులుపూ బురదా కలిసి ఒక ఘాటు లేస్తుంది. చీపురు పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉంటే, కాలువలో ఒక పండు తేలుతూ నా ముందు నుంచే పోయింది. చీపురు గోడకు ఆనించి దాని వెంట నడిచాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషి కాలువలోకి చూస్తూ నడుస్తుంటే ఎవరైనా అడుగుతారు. ఎదురింటి కోడలు అడిగింది: "ఏం పెద్దమ్మా, చెవి కమ్మ గానీ పడిపోయిందా?" "లేదమ్మా, లెక్క పెడతాండాను" అన్నాను. నలభై ఒక్క అడుగులు వేశాక పండు ఆగింది. అటూ ఇటూ ఊగి, అక్కడే నిలిచిపోయింది. నాకు గంగులప్ప మేస్త్రీ గుర్తొచ్చాడు అనడం సరైన మాట కాదు. ఆ నలభై ఒక్క అడుగులూ ఆయన నా పక్కనే నడిచాడు.

గంగులప్ప పురపాలక కార్యాలయంలో కాలువల మేస్త్రీ. కాలువలు తీయించడం, రోడ్డు కింద నీళ్ళు పోయే మోరీలు బాగుచేయించడం, పగిలిన బండలు మార్పించడం ఆయన పని. నేను అదే కార్యాలయంలో గుమస్తాను. మా ఆయన పోయిన పదకొండు నెలలకు, ముప్పై నాలుగేళ్ళ వయసులో ఆ ఉద్యోగం నాకు వచ్చింది. తర్వాత మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళలోనూ పనిచేశాను. ఇప్పుడు చెప్పబోయేది ఏ ఊళ్ళో జరిగిందో చెప్పను. తప్పు చేసింది నేను, దానికి ఊరి పేరు చెడగొట్టడం ఎందుకు?

ఆయన పనితీరు కార్యాలయంలో అందరికీ నవ్వులాట. ఏ వీధి కాలువ గురించి ఫిర్యాదు వచ్చినా సంచిలో మూడు టమోటాలు వేసుకుని బయలుదేరేవాడు. కొద్దిగా కుళ్ళు పట్టినవే కావాలి, అవే తేలుతాయి. వీధి మొదట్లో ఒకటి కాలువలో వదిలి, మామూలు నడకతో దాని పక్కనే నడిచేవాడు. పండు ఆయన్ను దాటిపోతే కాలువ బాగున్నట్టు. ఆయన కంటే వెనకబడితే పూడిక తీయాలి. ఆగిపోతే అక్కడ పల్లం ఉన్నట్టు. మూడెందుకని నేను చేరిన వారంలోనే అడిగాను, ఒకటి చాలదా అని. "ఒగటి పరీచ్చకు. ఒగటి దాన్ని నమ్మనోళ్ళకు. ఇంగొగటి దూడలకు" అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. వేళాకోళం కాదని నెలలోపలే తెలిసింది.

నాకు చిన్నప్పటి నుంచీ లెక్కంటే నమ్మకం. అంకెలు నిలువుగా రాసి, కింద గీత గీసి, మొత్తం వేస్తే మనసుకు నెమ్మది. వీధి పనుల ఫైళ్ళు నాకు అప్పగించింది కూడా అందుకే. పురపాలక సభ ముందుకు పోయే ప్రతి కాగితంలో, రోడ్డు వేశాక ఇళ్ళ గడపలు ఎంత ఎత్తున ఉంటాయో, నీళ్ళు ఎటు పోతాయో ఒక పేరా రాయాలి. గానుగ వీధికి సిమెంటు రోడ్డు వచ్చినప్పుడు ఆ పేరా నేనే రాశాను. బీరువాలో ప్లాను ఉంది. అన్నిటికంటే పల్లంలో ఉన్న ఇంటి గడప రోడ్డుకు పదహారు అంగుళాల ఎత్తున ఉన్నట్టు ప్లానులో ఉంది. కొత్త రోడ్డు మందం ఆరు అంగుళాలు. పదహారులోంచి ఆరు పోతే పది. గడపలకు ఇబ్బంది లేదు, కాలువ పారుదల బాగుంది అని రాసి పొడి సంతకం పెట్టాను. సభ ఆమోదించింది. సోమవారం పని మొదలు, పెద్ద అతిథి వచ్చి కొబ్బరికాయ కొడతాడు.

దానికి ముందు బుధవారం గంగులప్ప నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "అమ్మా, గానుగ వీధి సూసినావా?"

"ప్లాను చూశాను మేస్త్రీ. పది అంగుళాలు మిగుల్తుంది."

"ప్లానులో ఎవురూ కాపరం ఉండరు గదమ్మా. రా, పోయొస్తాం."

నాకు కోపం వచ్చింది. నా లెక్కను ఎవరూ తప్పు పట్టింది లేదు. అయినా వెళ్ళాను, లెక్క సరైనదని చూపించడానికే వెళ్ళాను. ఆయన టమోటా వదిలాడు. ఇద్దరం నడిచాం. వీధిలో సగం దూరం అది మా ముందే పోయింది, నేను లోపల సంతోషపడ్డాను. తర్వాత మెల్లబడింది. రెడ్డెమ్మ అనే పాలమ్మే ఆవిడ ఇంటి ముందు ఆగిపోయింది. వీధి చివర మోరీ కాలువ కంటే ఎత్తులో ఉంది. నీళ్ళు దాన్ని ఎక్కలేక వెనక్కి నిలిచి, ఆ ఇంటి ముందు గుంటలా తయారయ్యాయి. గంగులప్ప గొంతుక్కూర్చుని రోడ్డు మీద బొటనవేలు ఆనించి, గడప వైపు చెయ్యి సాచాడు. ఆయన కొలత జాన. గడపకూ రోడ్డుకూ మధ్య జానెడన్నా లేకపోతే ఆ ఇల్లు ఇల్లు కాదు, తొట్టి అనేవాడు. ఆ రోజు ఆయన చిటికెనవేలు గడప అంచును దాటి పైకి పోయింది.

నేను సంచిలోంచి స్కేలు తీశాను. ఆరు అంగుళాలు. పదహారు కాదు, ఆరు. ఆ ప్లాను గీసిన తర్వాత ఆ వీధికి రెండుసార్లు కంకర పోసి తారు వేశారు. ఒక్కోసారి అయిదంగుళాలు లేచింది. పాత రోడ్డు తవ్వకుండా దాని నెత్తిమీదే కొత్తది వేయడం మా దగ్గర అందరూ చేసేదే. ఇప్పుడు ఇంకో ఆరు పడితే మిగిలేది సున్నా. నా తీసివేతలో తప్పు లేదు, తీసివేసిన అంకే తప్పు.

ఇంట్లో రెడ్డెమ్మ అత్త చాప మీద పడుకుని ఉంది. నడుము పడిపోయి నాలుగేళ్ళు. మంచం మీద నుంచి దొర్లిపడుతుందని కిందే పడుకోబెట్టారు. రెడ్డెమ్మ వాకిట్లో గేదెకు గడ్డి వేస్తూ, "రోడ్డేస్తా ఉండారంట గదమ్మా, సంతోసం. బురద తప్పుతాది" అంది నాతో. ఆ సంతోషమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పగలంతా ఆమె పాలకు తిరుగుతుంది. ఇంట్లో ముసలామె ఒక్కతే, లేవలేదు.

కార్యాలయం మెట్ల దగ్గర గంగులప్ప, "తప్పు రాసినోళ్ళే దిద్దల్ల. నేను సెప్తే మేస్త్రీ కూత. నువ్వు రాస్తే కాయితం" అన్నాడు.

సూపరింటెండెంటు మంచి మనిషే. తలుపు దగ్గరికి వేసి చెప్పాడు: "సూడమ్మా, నీకింకా ప్రొబేషను అయిపోలేదు. సభ ఆమోదించిన కాయితం తప్పని నువ్వే రాసిస్తే అది నీ సర్వీసు పుస్తకంలో పడతాది. వానలకు ఇంకా టైముండాది, తర్వాత సూస్తాంలే." నా ఇంటి పొయ్యి ఆ ఉద్యోగం మీదే వెలుగుతోంది. గురువారమంతా ఆలోచించాను. మనసులో ఎన్నిసార్లు తీసివేసినా సున్నా సున్నాగానే వచ్చింది. శుక్రవారం పదిన్నరకు అర పేజీ రాసి ఇచ్చాను: నేను వీధికి వెళ్ళకుండా పాత ప్లాను చూసి రాశాను, నా అంకె తప్పు, పాత రోడ్డు తవ్వి తీయకుండా కొత్తది వేస్తే నీళ్ళు ఇంట్లోకి పోతాయి.

అదే మధ్యాహ్నం వేరే పని మీద సభ కూర్చుంది. ఛైర్మన్ నా కాగితం చదివి పక్కన పెట్టి, "పారుదల బాగుందని రాసిందీ నువ్వే, బాగలేదని రాసిందీ నువ్వే. ఏది నమ్మేదమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. తలుపు దగ్గర నిలబడ్డ గంగులప్ప చేతిసంచి ఎత్తి చూపించాడు. "రెండూ నమ్మాకండి సార్. దీన్ని నమ్మండి."

ఒక సభ్యురాలు సంచిలోకి తొంగిచూసి, "ఏం మేస్త్రీ, పచ్చడికా?" అంది.

"పచ్చడైతాదో పరువు నిలస్తాదో, ఈదిలోకొస్తే తెలస్తాదమ్మా."

అలా పదమూడు మంది సభ్యులు, తెల్లచొక్కాలూ ఇస్త్రీ చీరలతో గానుగ వీధిలో ఒక టమోటా వెంట నడిచారు. వీధి జనం వాకిళ్ళలోకి వచ్చి చూశారు. మొదటి పండును మధ్యలోనే రెడ్డెమ్మ దూడ నోటితో అందుకుంది. నవ్వులు ఆగలేదు. గంగులప్ప నా వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ మొదటికి పోయి రెండోది వదిలాడు. అది రెడ్డెమ్మ ఇంటి ముందుకొచ్చి ఆగింది. అడ్డమేదో ఉంటుందని ఒక సభ్యుడు అన్నాడు. మూడోది వదిలారు. అదీ వచ్చి రెండోదాని పక్కన నిలబడింది.

ఛైర్మన్ ఇంకా తగ్గలేదు. "తవ్వాలంటే ఇరవై దినాలు పడతాది మేస్త్రీ. సోమవారం పెద్దాయన వస్తాండాడు. ఏం సెప్పేది?" లోపలి నుంచి ముసలామె గొంతు వచ్చింది: "ఎవురప్పా అది?" ఛైర్మన్ వంగి గడపలోంచి లోపలికి చూశాడు. చాప, దాని పక్కన గోడ మీద చెమ్మ గీత. "నేనేమ్మా, ఛైర్మన్ని. రోడ్డేద్దామని" అన్నాడు.

"ఎయ్యండి నాయినా. పోయినేడు నీళ్ళొస్తే శెయ్యి తడిసి మెలకువొచ్చె, కేకేస్తి. ఈతూరి యాడ తడస్తాదో."

ఛైర్మన్ నడుం ఎత్తి, చెప్పులకు అంటిన బురద విదిలించుకుని, "తవ్వండి" అన్నాడు. అతిథికి ఏం చెప్పాడో నాకు తెలియదు.

పని ఇరవై రోజులన్నారు, ముప్పై నాలుగు పట్టింది. ఆ ముప్పై నాలుగు రోజులూ వీధి వీధంతా గంగులప్పను తిట్టింది. బండ్లు రావు, పిల్లలు గుంటల్లో పడతారు, పెళ్ళివారు వెనక సందులోంచి నడిచి వెళ్ళాల్సి వచ్చింది. "నీ టమోటా మన్నుబడ" అని ఒకావిడ ముఖం మీదే అంది. ఆయన గునపం పట్టుకున్నవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తూ, "తిట్టమ్మా, నోరు నొప్పెట్టేదాకా తిట్టు, నీళ్ళు మాత్రం ఇంట్లోకి రానియ్యను" అన్నాడు. పాత తారు లేపేశారు, మోరీ దించారు, కొత్త రోడ్డు పడ్డాక రెడ్డెమ్మ గడప తొమ్మిదంగుళాల ఎత్తున నిలిచింది. నవంబరులో ఒక మధ్యాహ్నం పెద్ద వాన పడితే గొడుగు వేసుకుని నేనొక్కదాన్నే వెళ్ళాను, సంచిలో ఒక టమోటాతో. అది నన్ను దాటిపోయింది. చివరి పాతిక అడుగులు దాదాపు పరుగెత్తాను, అయినా అందలేదు. రెడ్డెమ్మ తలుపులోంచి చూసి, "మేస్త్రీ గాలి నీకూ సోకెనే!" అని నవ్వింది.

నా ప్రొబేషను ఆరు నెలలు పొడిగించారు. గంగులప్పతో చెబితే "ఆరు నెల్లు యాడికి పోతాయమ్మా, తిరిగొస్తాయి. ఈది ఉండిపోతాది" అన్నాడు. ఆరు నెలలు తిరిగి రాలేదు, జీతం పెరగడం కూడా ఆ మేరకు వెనకబడింది. ఆ విషయంలో ఆయన లెక్క తప్పు. మిగిలినదాంట్లో సరైనదే. ఆ తర్వాత ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో, వీధి తొక్కకుండా ఒక్క పేరా కూడా రాయలేదు. పుంగనూరులో పశువుల సంత రోజున కూడా పేడలో నడిచి గడపలు కొలిచాను.

చివరి రెండేళ్ళు నా ఉద్యోగం కుప్పంలో. ఆయన అప్పటికే పని మానుకుని అక్కడ తమ్ముడి ఇంట్లో ఉంటున్నాడు. చూపు బాగా తగ్గింది. ఆదివారాలు వెళ్ళేదాన్ని. కుశల ప్రశ్నల కంటే ముందు, "ఈ వారం ఎన్ని గడపలు?" అని అడిగేవాడు. ఒకసారి ఆయన చెయ్యి నా మోకాలి మీద పరిచి స్కేలు పెట్టి కొలిచాను. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా తొమ్మిదంగుళాలు, వెంట్రుకవాసి తేడా లేదు. నాది ఏడున్నర. "నీ జానతో కొలిస్తే ఊరు మునుగుతాదమ్మా" అని పగలబడి నవ్వాడు. ఆ తర్వాతి వేసవిలో, ఒక గురువారం పోయాడు. ఆ వారం పదకొండు గడపలు కొలిచాను. ఆదివారం చెబుదామనుకున్న లెక్క అలాగే ఉండిపోయింది.

మొన్న టమోటా ఆగింది కదా, అది మా వీధిలో కొత్త రోడ్డు వేయడానికి గుర్తులు పెట్టిన రెండో రోజు. వార్డు సచివాలయానికి పోయి అక్కడి ఇంజనీరమ్మతో చెప్పాను. ఇరవై ఆరేళ్ళ పిల్ల, మర్యాద తెలిసింది, కుర్చీ వేసింది. "లెవెల్స్ అన్నీ ఫైల్లో ఉండాయి పెద్దమ్మా, ఏం భయం లేదు" అంది. ఎప్పుడు తీసినవని అడిగాను. ఫైలు తిరగేసింది. ఇప్పుడున్న రోడ్డు వేయడానికి ముందు తీసినవి. ఆ పిల్ల ముఖం చూస్తుంటే నా బల్లా, నా బీరువా, నా పదహారు అంగుళాలూ కనిపించాయి. కోప్పడలేదు. "రా తల్లీ, పోయొస్తాం" అన్నాను. సంచిలో మూడు ఉన్నాయి.

మొదటి పండు నలభై ఒక్క అడుగుల దగ్గరే ఆగింది. ఆ పిల్ల నమ్మలేదు, రెండోది తనే వదిలింది. అదీ అక్కడే ఆగింది. అప్పుడు ఎదురుగా ఉన్న ఇంటి గడప ముందు గొంతుక్కూర్చుంది. దానికీ రోడ్డుకూ మధ్య ఎంత ఉండాలని అడిగింది. జానెడు అన్నాను. తన చెయ్యి చాచి చూసుకుంది, నా చెయ్యి చూసింది. "నా జానా పెద్దమ్మా, మీ జానా?"

"రెండూ కాదు తల్లీ" అన్నాను. "నా జాన పెట్టి, దానికి ఇంకో ఒకటిన్నర అంగుళం కలిపి రాసుకో."

ఆ ఒకటిన్నర ఎందుకని అడగలేదు. రాసుకుంది.